ప్రాచీన కెల్టు వీరులు: వేషం, ఆయుధం, యుద్ధరీతి

రోమ్ నగరంలోని కాపిటొలైన్ మ్యూజియంలో ఒక పాలరాతి విగ్రహం ఉన్నది. ఒక యోధుడు తన డాలు మీదనే కూలబడి, కుడిచేతిని నేలకు ఆన్చి, తల వాల్చివేసి ఉన్నాడు. ప్రక్కటెముకల వద్ద గాయం. దానినుంచి రక్తం బొట్లుబొట్లుగా జారుతున్నది. ఒంటిమీద నూలుపోగు లేదు. మెడలో మాత్రం మెలిత్రిప్పిన కంటె ఉన్నది. మీసం ఉన్నది, గడ్డం లేదు. జుట్టు మందమైన పాయలుగా నిక్కి ఉన్నది. 1623లో ఒక రోమన్ ప్రభుకుటుంబపు ఆస్తిపట్టికలో మొదటిసారి నమోదైన ఈ విగ్రహాన్ని చాలకాలం 'మరణిస్తున్న మల్లుడు' అని పిలిచినారు. 1818లో వెలువడిన 'చైల్డ్ హెరాల్డ్' నాల్గవ సర్గలో బైరన్ మహాకవి కూడ ఇతనిని రోమన్ల వినోదం కోసం గోదాలో ప్రాణం విడుస్తున్న బానిసగానే భావించినాడు. నిజానికి ఇతడు మల్లుడు కాడు, బానిస కాడు. ఆసియా మైనరులోని పెర్గమం రాజు మొదటి అట్టలస్ క్రీ. పూ. మూడవ శతాబ్దిలో గలాషియన్లనే కెల్టు తెగలను ఓడించి, ఆ విజయానికి గుర్తుగా నిలిపిన శిల్పాలలో ఒకదానికి ఇది రోమన్ నకలు అని పండితుల అభిప్రాయం. మూలశిల్పం నశించినది.

అనగా ఈ వీరుని చెక్కించినవాడు ఇతనిని చంపించినవాడే. తన విజయం గొప్పదని తోచవలెనంటే ఓడినవాడు కూడ గొప్పవాడుగా కనిపించవలె. అందుచేత ఆ ముఖంలో అంతటి గాంభీర్యం ఉంచినాడు. కెల్టు వీరులను గురించి లోకానికి తెలిసినదంతా ఇంచుమించు ఈ విగ్రహం వంటిదే. వారి వేషం, ఆయుధం, యుద్ధరీతి, చివరకు వారి కేక కూడ శత్రువులు చెప్పగా విన్నవే. ఆ మాటలలో ఎంత నిజమో, ఎంత కల్పనయో తేల్చడానికి గత నూటయేబది ఏండ్లలో మరొక సాక్షి దొరికినది. అది మట్టి.

కెల్టులు ఒక రాజ్యం కాదు, ఒక జాతి అని కూడ ఖండితంగా చెప్పలేము. దగ్గరి చుట్టరికం గల భాషలు మాట్లాడే అనేక తెగలు అవి. గ్రీకులు వారిని కెల్టోయి అనీ, గలాటై అనీ అన్నారు; రోమన్లు గాల్ ప్రజలు అన్నారు. ఇప్పటి ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఉత్తర ఇటలీ, డాన్యూబు లోయ, బ్రిటన్, ఐర్లాండు, స్పెయిన్‌లో కొంత భాగం వారి నివాసాలు. బ్రిటన్, ఐర్లాండు వాసులను ప్రాచీనులెవరూ కెల్టులని పిలువలేదు. వారి భాషలకు గాల్ భాషతో ఉన్న బంధుత్వాన్ని 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ నిరూపించిన తరువాతనే ఆ పేరు వారికి అంటినది. క్రీ. పూ. 390 ప్రాంతంలో గాల్ సేన అల్లియా నది వద్ద రోమన్లను చిత్తుచేసి రోమ్ నగరాన్ని దోచినది. 279లో మరొక దండు గ్రీసుమీద పడి డెల్ఫీ దాకా వచ్చినది. మరుసటి ఏడు కొన్ని తెగలు సముద్రం దాటి ఆసియాలో స్థిరపడినవి. ఈ భయం రోమన్ల రక్తంలో ఇంకిపోయినది. అల్లియా యుద్ధం జరిగిన దినాన్ని వారు తరతరాలు అశుభదినంగా పాటించినారు.

వారు స్వయంగా ఏమీ వ్రాయలేదా అన్న ప్రశ్న సహజం. అక్షరం తెలియక కాదు. లెక్కలకూ ఇతర వ్యవహారాలకూ గాల్ వారు గ్రీకు లిపిని వాడేవారని సీజరే చెప్పినాడు. కాని వారి పురోహితవర్గమైన డ్రూయిడ్లు తమ విద్యను వ్రాతలో పెట్టడం దోషమనుకొన్నారు. కొందరు శిష్యులు ఇరువది ఏండ్లపాటు వల్లెవేసి నేర్చుకొనేవారట. శ్రుతిపరంపర ఎట్టిదో ఎరిగిన మన దేశంలో ఈ సంగతి వింత కాదు. అయితే ఇక్కడ ఘనపాఠులు బ్రతికినారు, వేదం నిలిచినది. అక్కడ డ్రూయిడ్లను రోమన్ చక్రవర్తులు నిషేధించినారు. కంఠంతోపాటు కావ్యం కూడ పోయినది.

ఇక మిగిలినవి పరుల గ్రంథాలు. క్రీ. పూ. రెండవ శతాబ్దివాడైన గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్, గాల్ దేశంలో స్వయంగా తిరిగిన తత్త్వవేత్త పొసిడోనియస్, అతని నుంచి గ్రహించిన డియొడోరస్, స్ట్రాబోలు, అందరికన్న ముఖ్యంగా ఆ దేశాన్ని జయించిన సీజర్. పొసిడోనియస్ గ్రంథం దొరకలేదు. ఇతరులు ఉదాహరించిన తునకలే మిగిలినవి.

వేషం సంగతి మొదట చూడవలె, ఎందుచేతనంటే గ్రీకులకూ రోమన్లకూ మొదట కొట్టవచ్చినట్లు కనిపించినది అదే. గాల్ వీరులు కాళ్ళకు షరాయిలు తొడిగేవారు. వాటికి వారి భాషలో 'బ్రాకా' అని పేరు. దుప్పటివంటి టోగాను ఒంటికి చుట్టుకొనే రోమన్లకు షరాయి అనాగరికతకు ముద్ర. ఆల్ప్స్ కావలి గాల్ ప్రాంతాన్ని 'షరాయిల గాల్' అనీ, తమ అలవాట్లు నేర్చిన ఇవతలి ప్రాంతాన్ని 'టోగా గాల్' అనీ వారు పిలిచినారు. సీజర్ కొందరు గాల్ ప్రముఖులకు శాసనసభలో స్థానమిచ్చినప్పుడు, షరాయి విప్పి శాసనసభ్యుల వెడల్పుచార అంగీ తొడిగినారని రోమ్ వీధులలో ఎగతాళి పాటలు పుట్టినవి. చలిదేశాలలో కాపలా కాయవలసివచ్చిన రోమన్ సైనికులే తరువాతి కాలంలో షరాయిలు తొడుగుకొన్నారు. ఎగతాళి ఎంతకాలం నిలుస్తుందో చలి నిర్ణయించినది.

పైన రంగురంగుల అంగీ. దానిపై చారలు, గళ్ళు నేసిన కంబళి. చలికాలంలో మందమైనది, ఎండకాలంలో పలుచనిది. దానిని భుజంమీద లోహపు సూదికొక్కెంతో బిగించేవారు. డియొడోరస్ వ్రాసిన ఈ వర్ణన అతిశయోక్తి కాదని ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పుగనులు సాక్ష్యమిచ్చినవి. మామూలు నేలలో బట్ట చివికిపోతుంది. ఉప్పు దానిని కాపాడినది. కెల్టుల కాలానికీ అంతకు ముందటి కాలానికీ చెందిన గనిపనివారి గుడ్డపీలికలు రంగులతో, గళ్ళతో, అంచుపనితో సహా అక్కడ బయటపడినవి. వాటిలోని నీలిరంగు 'వోడ్' అనే మొక్కనుంచి తీసినది; మన నీలిమందులో ఉన్న రంగుపదార్థమే అందులోనూ ఉన్నది. బ్రిటన్ వీరులు యుద్ధంలో భయంకరంగా కనిపించడానికి ఒంటికి నీలం పూసుకొనేవారని సీజర్ చెప్పినాడు. అది ఈ మొక్కరసమేనా అన్నది మాత్రం వాదగ్రస్తం. అతడు వాడిన లాటిన్ మాటకు గాజు అనే అర్థం కూడ ఉన్నది. ఒక్క మాట తర్జుమాలో తేలిక చేయడంవల్ల ఒక జాతి ఒంటిరంగే మారిపోగలదు.

తలకట్టు విచిత్రమైనది. జుట్టును పదేపదే సున్నపునీళ్ళతో తడిపి, నుదుటినుంచి వెనుకకు దువ్వి, గుఱ్ఱపు జూలువలె బిరుసుగా నిలిపేవారు. పెద్దింటివారు చెంపలు గొరిగించి, మీసం నోరుమూసేటంతగా పెంచేవారు. త్రాగేటప్పుడు పానీయం జల్లెడ గుండా పోయినట్లు మీసం గుండా పోయేదని డియొడోరస్ పరిహాసం. కాపిటొలైన్ విగ్రహంలోని జుట్టూ మీసమూ ఈ వర్ణనకు సరిగా సరిపోవడం గమనించదగినది. శిల్పి గలాషియన్లను కన్నులార చూచియుండవలె.

కంటె వారి గౌరవచిహ్నం. మన పల్లెలలో పూర్వం మెడకు తొడిగిన కంటెవలెనే ముందువైపు విడిగా, రెండు కొనలు గుండ్లుగా ఉంటుంది. ఇంగ్లండులోని స్నెటిషామ్ వద్ద 1950లో దున్నుతున్న పొలంలో దొరికిన బంగారు కంటె ఒక కిలోగ్రాముకు కొంచెం మించిన బరువు. ఎనిమిదేసి తీగలు మెలిపెట్టిన పేటలు ఎనిమిదింటిని మళ్ళీ కలిపి మెలిపెట్టి చేసినారు. అరువదినాలుగు తీగల ఆ పనితనం చూచినవారు దానిని చేసిన చేతులను అనాగరికమనలేరు. క్రీ. పూ. 361లో ఒక గాల్ వీరుని ద్వంద్వయుద్ధంలో చంపి అతని కంటెను తన మెడలో వేసుకొన్న రోమన్ యువకుని వంశానికి 'కంటెవారు' అని ఇంటిపేరే స్థిరపడినది.

ఇక ఆయుధాలు. 1857లో స్విట్జర్లాండులోని న్యూషాటెల్ సరస్సు నీరు తీసినప్పుడు 'లా టెన్' అనేచోట ఒడ్డుబురదలో కఱ్ఱగుంజలూ ఇనుప ఆయుధాలూ కనిపించినవి. తరువాతి త్రవ్వకాలలో కత్తులే నూటయేబదికి పైగా దొరికినవి. పెక్కింటికి ఒరలు కూడ ఉన్నవి. కెల్టుల కళాశైలికి ఈ ఊరి పేరే నేటికీ వాడుక. కత్తి అలుగు పొడవు కాలాన్నిబట్టి రెండడుగులనుంచి మూడడుగుల దాకా. దానిని ఇనుపగొలుసుతో కుడిప్రక్కన వ్రేలాడదీసేవారు. ఒరమీద తీగలు, ఆకులు, ఎదురెదురు జంతువులు చెక్కినారు. చంపే పనిముట్టుకు అంత అలంకారమెందుకని అడిగితే, అది పనిముట్టు మాత్రమే కాదన్నదే సమాధానం.

ఈ కత్తిని గురించి పొలిబియస్ చెప్పిన కథ రెండువేల ఏండ్లు బడిపుస్తకాల దాకా ప్రాకినది. క్రీ. పూ. 223లో ఇన్సుబ్రెస్ అనే గాల్ తెగతో జరిగిన యుద్ధాన్ని వర్ణిస్తూ, గాల్ కత్తి మొదటి వేటుకే బాగుంటుందనీ, ఆ వెంటనే మొద్దుబారి నిలువునా అడ్డంగా వంగిపోతుందనీ, దానిని నేలకు ఆన్చి కాలితో త్రొక్కి సరిచేసుకొంటే తప్ప రెండవ వేటుకు పనికిరాదనీ అతడు వ్రాసినాడు. రోమన్ సేనాధికారులు ఈ రహస్యం కనిపెట్టి, ముందువరుసలకు పొడవాటి ఈటెలిచ్చి, గాల్ కత్తులు వాటి కాడలమీద వంగేదాకా ఆగి, అప్పుడు తమ పొట్టికత్తులతో పొడిచినారట. వినడానికి ఎంతో చక్కగా ఉన్న కథ. బుద్ధి బలాన్ని జయించినదనే నీతి దానిలో ఇమిడి ఉన్నది. అనుమానం పుట్టవలసినది అక్కడే.

గాల్ దేశంలో త్రవ్విన సమాధులలోనూ పూజాస్థలాలలోనూ వంగిన కత్తులు కొల్లలుగా దొరికినవి. మొదట ఇది పొలిబియస్ మాటకు రుజువుగా తోచినది. కాని కొన్ని కత్తులు ఒక్కచోట వంగినవి కావు. ఉంగరంలాగ, పామువలె చుట్టలు చుట్టివున్నవి. యుద్ధంలో ఏ దెబ్బా కత్తిని అట్లా చుట్టదు. 1906లో ఫ్రెంచి పండితుడు సలొమొన్ రీనాక్ ఒక యుక్తి చెప్పినాడు: చనిపోయిన వీరునితోపాటు అతని కత్తిని కూడ 'చంపి' పూడ్చడం కెల్టుల ఆచారం, ఆ వంగిన కత్తులను ఎవరో చూచి, వాటికి కారణం ఊహించి, యుద్ధకథ అల్లినారు. ఈ ఊహ నిజమైనా కాకపోయినా ఆచారం మాత్రం నిజం. ఉత్తర ఫ్రాన్సులోని గూర్నే-సుర్-అరొండ్ పూజాస్థలంలో ఇటీవలి దశాబ్దాలలో రెండువేల దాకా ఆయుధాల భాగాలు బయటపడినవి. శత్రువులనుంచి గెలుచుకొన్న కత్తులను, డాళ్ళను, ఈటెలను అక్కడ కొంతకాలం వ్రేలాడదీసి, తరువాత బుద్ధిపూర్వకంగా వంచి, విఱిచి, కందకంలో వేసినారు. వాటిని మానవుడెవడూ మళ్ళీ వాడరాదు, అవి దేవతలవి.

లోహశాస్త్రం కూడ తన మాట చెప్పినది. చెక్ పండితుడు రదొమీర్ ప్లైనర్ అనేక కెల్టు కత్తుల ఇనుమును పరీక్షించి 1993లో గ్రంథం వెలువరించినాడు. కొన్ని మెత్తని ఇనుముతో చేసినవే. అవి వంగితే వంగవచ్చు. కొన్నింటిలో అంచులకు ఉక్కు అతికి, పదునుపెట్టి చేసిన మేలిరకం పనితనం ఉన్నది. అనగా ఎక్కడనైనా ఉన్నట్లే మంచి కమ్మరీ ఉన్నాడు, నాసి కమ్మరీ ఉన్నాడు. గాల్ వారితో ఎనిమిదేండ్లు పోరాడిన సీజర్ కత్తులు వంగే మాట ఎక్కడా ఎత్తకపోవడం కూడ తూకంలో వేయదగినది. పొలిబియస్ అబద్ధమాడినాడనవలసిన పని లేదు. ఒక నాసికత్తిని చూచిన సైనికుని మాట జాతి మొత్తానికి లక్షణమైపోయినది, అంతే.

కత్తిని ఎగతాళి చేసిన రోమన్లే ఆ కమ్మరుల చేతి పనిని ఒంటిమీద తొడిగినారు. వేలకొలది ఇనుపవలయాలను ఒకదానిలో ఒకటి కూర్చి అల్లిన కవచం గాల్ వారి కల్పన అని రోమన్ పండితుడు వర్రో ఒప్పుకొన్నాడు. రోమన్ సైన్యం దానిని శతాబ్దాలపాటు ధరించినది. రుమేనియాలోని చుమెష్ట్ వద్ద 1961లో ఒక వీరుని సమాధిలో అటువంటి కవచమూ, దానితోపాటు ఒక ఇనుప శిరస్త్రాణమూ దొరికినవి. శిరస్త్రాణం మీద రెక్కలు చాచిన కంచుపక్షి ఉన్నది. రెక్కలకు కీలులు పెట్టినారు. వీరుడు గుఱ్ఱమెక్కి దౌడుతీస్తే పక్షి రెక్కలల్లార్చినట్లు ఉండేదన్నమాట. శిరస్త్రాణాలమీద కొమ్ములు, పక్షులు, మృగాల బొమ్మలు ఉంటాయన్న డియొడోరస్ వాక్యాన్ని కథ అనుకొన్నవారికి ఇది జవాబు. అయితే కొమ్ముల శిరస్త్రాణం యూరపు మొత్తంమీద ఆ యుగానికి చెందినది ఒక్కటే దొరికినది, 1868లో లండనులో వాటర్లూ వంతెన దగ్గర థేమ్సు నదిలో. అదే నదిలో 1857లో దొరికిన బాటర్సీ డాలు ఎఱ్ఱగాజు పొదిగిన కంచురేకు. దానిమీద దెబ్బ పడిన జాడ లేదు. దెబ్బ తగిలితే ఆగే మందమూ లేదు. యుద్ధానికి వాడిన డాళ్ళు కఱ్ఱవి, నిలువునా పొడవైనవి, మధ్య ఇనుపబొడిపె గలవి. క్రీ. పూ. 58లో హెల్వెటీ తెగవారి డాళ్ళమీద రోమన్ బల్లేలు పడి, రెండేసి డాళ్ళను కలిపి కుట్టినట్లు గ్రుచ్చుకొన్నవనీ, వంగిన బల్లెపు ములుకును లాగలేక వారు డాళ్ళు పారవేసి ఒట్టి ఒంటితో పోరాడినారనీ సీజర్ వ్రాసినాడు. వంగి ఉపయోగపడిన ఇనుము రోమన్లదన్నమాట.

కెల్టు యుద్ధం ఎట్లా ఉండేదో తెలియడానికి క్రీ. పూ. 225లో ఇటలీ పశ్చిమతీరంలో టెలమొన్ వద్ద జరిగిన సంగ్రామాన్ని మించినది లేదు. పొలిబియస్ లెక్కన గాల్ సేన ఏబదివేల కాల్బలం, ఇరువదివేల గుఱ్ఱపుదళం, రథాలు. దోచిన సొమ్ముతో ఇంటిముఖం పట్టిన ఆ సేన ముందొక రోమన్ సైన్యానికీ వెనుకనొక రోమన్ సైన్యానికీ నడుమ చిక్కినది. గాల్ నాయకులు వెన్నుకు వెన్ను చేర్చి రెండు వైపులకూ మొగమై సేనను నిలిపినారు. ఆపదలో అది చక్కని వ్యూహమని పొలిబియస్ స్వయంగా మెచ్చుకొన్నాడు. అశ్వికయుద్ధంలో రోమన్ కాన్సల్ అటిలియస్ కూలినాడు. అతని తలను గాల్ రాజులవద్దకు తెచ్చినారు.

ఇన్సుబ్రెస్, బోయీ తెగలవారు షరాయిలతో, పలుచని కంబళ్ళతో నిలువగా, అన్నిటికన్న ముందువరుసలో గైసటైలనే వీరులు ఆయుధాలు తప్ప ఒంటిమీద మరేమీ లేకుండ నిలిచినారు. వీరు ఆల్ప్స్, రోన్ నదీప్రాంతాలనుంచి జీతానికి వచ్చినవారు. ముళ్ళపొదలలో బట్టలు చిక్కుకొంటాయని విప్పివేసినారని పొలిబియస్ ఒక కారణం చెప్పినాడు. ముళ్ళు బట్టకన్న చర్మానికే ఎక్కువ బాధ కదా అన్న సందేహం అతనికి తోచినట్లు లేదు. ఇది ఏదో వ్రతంవంటి దీక్ష కావచ్చునని ఆధునికుల ఊహ. అందరి మెడలలో, చేతులలో బంగారం మెరుస్తున్నది. ఆ దృశ్యం రోమన్లకు భయమూ కలిగించినది, ఆ బంగారం మీద ఆశా పుట్టించినది. చరిత్రకారుడు ఇంత నిజాయితీగా వ్రాసే వాక్యాలు అరుదు.

వీటికి తోడు శబ్దం. లెక్కలేనన్ని బూరలు, కొమ్ములు ఒక్కసారి మ్రోగగా, వేలమంది కేకలు వేయగా, కొండలే గొంతెత్తినట్లున్నదని అతడు చెప్పినాడు. కార్నిక్స్ అనే కొమ్ముబూర నిలువుగా మనిషిని మించిన ఎత్తుకు లేచి, చివర నోరు తెరచిన అడవిపంది తలతో ముగుస్తుంది. స్కాట్లండులోని డెస్క్‌ఫర్డ్ వద్ద 1816 ప్రాంతంలో ఒక పందితల దొరికినది; 2004లో ఫ్రాన్సులోని టాంటిన్యాక్ వద్ద ఏడు కార్నిక్సులు ఒకే గోతిలో బయటపడినవి. డెన్మార్కులో 1891లో దొరికిన గుండెస్ట్రప్ వెండిపాత్ర మీద సైనికులు వీటిని ఊదుతూ నడవడం కనిపిస్తుంది. మన సాంచీ మహాస్తూపపు తోరణం మీద స్తూపాన్ని పూజించే విదేశీయుల చేతులలో కూడ ఇటువంటి జంతుముఖపు కొమ్ములున్నవి. ఆ విదేశీయులు కెల్టులని కాదు. ఆ వాద్యం ఎంతదూరం వినిపించినదో అది తెలుపుతుంది.

టెలమొన్‌లో ఏ శబ్దమూ బల్లేలను ఆపలేదు. దూరంనుంచి విసరిన రోమన్ బల్లేలకు గాల్ డాళ్ళు ఒంటినంతటినీ కప్పలేకపోయినవి. నగ్నవీరులలో పొడవైనవాడే ముందు గాయపడినాడు. కొందరు కోపం పట్టలేక శత్రువుల మీదికి పరుగెత్తి చనిపోయినారు, కొందరు వెనుకకు జరిగి తమ వరుసలనే చెదరగొట్టినారు. మిగిలిన తెగలు మాత్రం నరుకబడేదాకా కదలలేదు. చచ్చినవారు నలుబదివేలు, పట్టుబడినవారు పదివేలకు తక్కువ కాదు. ఒక రాజు కొంకొలిటానస్ బందీ అయినాడు. మరొక రాజు అనెరొయెస్టస్ కొందరు అనుచరులతో తప్పించుకొనిపోయి తన ప్రాణం తానే తీసుకొన్నాడు.

రథయుద్ధం సీజర్ కాలానికి గాల్ దేశంలో అంతరించినది గాని బ్రిటన్‌లో మిగిలినది. క్రీ. పూ. 55, 54లలో సముద్రం దాటినప్పుడు సీజర్ దానిని చూచి ఆశ్చర్యపడినాడు. రెండు గుఱ్ఱాల తేలికరథాలు మొదట రణరంగమంతటా తిరుగుతూ బల్లేలు విసరుతాయి. చక్రాల చప్పుడుకే వరుసలు చెదరుతాయి. తరువాత వీరుడు దూకి నేలమీద పోరాడుతాడు, సారథి రథాన్ని కొంతదూరం తీసి తయారుగా ఉంచుతాడు. అలవాటుచేత వారు పరుగెత్తే రథపు నొగమీద నడచిపోయి, కాడిమీద నిలిచి, రెప్పపాటులో వెనుకకు రాగలరు. అశ్వికుని వేగమూ, కాలిభటుని నిలుకడా ఒక్కచోట కూడినవని సీజర్ మెప్పు. అతనిని ఎదిరించిన కస్సివెలానస్ తక్కిన సేనను పంపివేసి నాలుగువేల మంది రథికులను మాత్రం ఉంచుకొన్నాడు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ సమాధులలో ఇటువంటి రథాలు దొరికినవి. వెట్‌వాంగ్ గ్రామంలో 2001లో త్రవ్విన రథసమాధిలో ఉన్నది ఒక స్త్రీ. ఆమె ప్రక్కన ఇనుప అద్దం. రథం పురుషుని సొత్తు మాత్రమే అన్న ఊహకు ఆ అద్దం అడ్డు వచ్చినది. ఈ రథాల శిల్పులైన గాల్ వారి మాట 'కర్రోస్' లాటిన్‌లో చేరి, ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా ప్రయాణించి నేడు తెలుగు వీధులలో 'కారు' అయి తిరుగుతున్నది.

శత్రువులు చెప్పినవాటిలో మిక్కిలి ఘోరమైనది తలల సంగతి. కెల్టులు చంపినవారి తలలు నరికి గుఱ్ఱాల మెడలకు కట్టి తెచ్చేవారనీ, ఇంటిగోడలకు కొట్టేవారనీ, ప్రముఖుల తలలను దేవదారు తైలంలో భద్రపరచి అతిథులకు చూపేవారనీ, ఎత్తు బంగారమిచ్చినా వాటిని అమ్మేవారు కారనీ డియొడోరస్ వ్రాసినాడు. పొసిడోనియస్ మొదట ఆ దృశ్యానికి అసహ్యపడి, తరువాత చూచిచూచి అలవాటుపడినాడట. జయించినవాని ప్రచారమిది అని కొట్టివేయదలచినవారికి మట్టి సాయపడలేదు. దక్షిణ ఫ్రాన్సులోని లె కైలార్ వద్ద దొరికిన పుఱ్ఱెముక్కలను పరీక్షించగా, దేవదారు జాతి చెట్ల జిగురుతో భద్రపరచిన జాడలు కనిపించినవని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. రీబెమోన్ పూజాస్థలంలో వందలాది యోధుల కళేబరాలు తలలు లేకుండ దొరికినవి. కత్తి విషయంలో తప్పిన సాక్షి తల విషయంలో నిజమే చెప్పినాడు. అయితే ఆ సాక్షి తన ఇంటి సంగతి చెప్పడు. క్రీ. శ. 113లో రోమ్‌లో నిలిపిన ట్రేజన్ విజయస్తంభం మీద రోమన్ పక్షపు సైనికులు నరికిన తలలను చక్రవర్తికి చూపుతున్న చిత్రాలున్నవి. సీజర్ గాల్ యుద్ధాలలో పదిలక్షలమంది చచ్చినారనీ, పదిలక్షలమంది బందీలైనారనీ ప్లుటార్క్ లెక్క. అతిశయం తీసివేసినా మిగిలేది కొద్ది కాదు. క్రీ. పూ. 52లో అలేసియా వద్ద లొంగిపోయిన వెర్సింజెటొరిక్స్ ఆరేండ్లు చెరలో ఉండి, విజయోత్సవంలో ఊరేగింపబడి, ఆ తరువాత చంపబడినాడు. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రెంచివారు అలేసియాలో అతనికి నిలిపిన విగ్రహానికి మూడవ నెపోలియన్ ముఖం, కంచుయుగపు తీరు ఆయుధం కుదిరినవి. స్వదేశీయుల ఊహ కూడ అంత నమ్మదగినది కాదు.

కెల్టులు తమ వీరులను గురించి తమ భాషలో చెప్పుకొన్న మాట ఒక్క ఐర్లాండులోనే విస్తారంగా నిలిచినది. రోమన్ సైన్యం ఆ దీవిలో అడుగుపెట్టి పాలించలేదు. క్రైస్తవ మఠాలలో అక్షరం నేర్చిన సన్యాసులు పూర్వగాథలను వ్రాసిపెట్టినారు. వాటిలో తలమానికం 'తాయిన్ బో కూలింగె', అనగా కూలింగె పశువుల దోపిడి. కొన్నాట్ రాణి మేవ్ ఒక ఆబోతుకోసం అల్స్టర్ మీద దండెత్తగా, కూహులిన్ అనే బాలవీరుడు ఒంటరిగా సరిహద్దు కాచిన కథ. గోగ్రహణంకోసం సేనలు కదలడం, ఒక్క రథం వాటిని నిలువరించడం తిక్కన విరాటపర్వం చదివినవారికి క్రొత్త కాదు. ఈ కథలలో రథమున్నది, సారథి ఉన్నాడు, నరికిన తలలున్నవి. విందులో శ్రేష్ఠమైన మాంసఖండం శ్రేష్ఠుడైన వీరునికే చెందవలెనని ప్రాణాలకు తెగించి పోట్లాడుకొనే ఘట్టాలున్నవి. సరిగా ఈ ఆచారాన్నే గాల్ దేశంలో చూచినట్లు పొసిడోనియస్ వెయ్యేండ్ల క్రిందట చెప్పియున్నాడు. అందుచేతనే 1964లో కెన్నెత్ జాక్సన్ ఈ గాథలను ఇనుపయుగంలోకి తెరచిన కిటికీ అన్నాడు. తరువాతివారు ఆ కిటికీని కొంత మూసినారు. కథలలోని కత్తులు ఇనుపయుగపు కత్తులు కావనీ, లేఖకుల నాటివనీ పురావస్తువేత్త మాలరీ చూపినాడు. సన్యాసులకు ట్రాయ్ కథ తెలుసుననీ, దాని రంగు వీటికి అంటినదనీ మరికొందరన్నారు.

అయినా గ్రీకు, రోమన్ గ్రంథాలు ఒక్క వాక్యంలో కూడ చెప్పని సంగతి ఇందులో ఉన్నది. కూహులిన్, ఫెర్ డియా అనేవారు స్కాథా అనే వీరనారి వద్ద కలిసి అస్త్రవిద్య నేర్చిన స్నేహితులు. మేవ్ పన్నిన ఉపాయంచేత ఒక రేవులో ఎదురెదురుగా నిలువవలసివచ్చినది. పగలంతా పోరాడి, సాయంకాలం ఆయుధాలు వదలి ఒకరినొకరు కౌగిలించుకొన్నారు. ఒకరి మందుమూలికలు మరొకరికి, ఒకరి ఆహారం మరొకరికి పంపుకొన్నారు. వారి గుఱ్ఱాలు ఒకే దొడ్డిలో నిలిచినవి. చివరినాడు కూహులిన్ తనకొక్కనికే తెలిసిన ఈటెతో స్నేహితుని చంపినాడు. చంపి, తల నరుకలేదు. ఆ శరీరాన్ని ఆయుధాలతో సహా ఎత్తుకొని తనవైపు ఒడ్డుకు చేర్చి, దానిప్రక్కనే సొమ్మసిల్లి పడినాడు.

ఈ గాథను ఇంగ్లీషు చేసినవారిలో లేడీ గ్రెగరీ 1902లో తన పాఠకులకు రుచించవనుకొన్న భాగాలను విడిచిపెట్టినది. ఆ సంగతి దాచుకోక చెప్పినది. 1969లో థామస్ కిన్సెల్లా వాటిని విడువలేదు. ఆ మొరటుతనమూ, ఆ నవ్వూ అతనివల్ల తిరిగివచ్చినవి. తర్జుమాలో శీలం కాపాడటానికి తీసివేసిన చోటనే సాధారణంగా వీరుని ఊపిరి ఉంటుంది.

పన్నెండవ శతాబ్దపు 'లైన్‌స్టర్ గ్రంథం'లో ఈ గాథ ముగిసినచోట లేఖకుడు రెండు మాటలు వ్రాసినాడు. మొదటిది ఐరిష్ భాషలో: ఏమీ చేర్చక, మార్చక, ఉన్నది ఉన్నట్లుగా దీనిని కంఠస్థం చేసినవారికి ఆశీస్సు. రెండవది లాటిన్‌లో: తాను వ్రాసిన ఈ చరిత్రను, లేక కల్పనను, తాను నమ్మడం లేదనీ, ఇందులో కొన్ని దయ్యాల మాయలనీ, కొన్ని కవుల కల్పనలనీ, కొన్ని అవివేకుల వినోదానికి పుట్టినవనీ. ఆశీస్సు తాతల భాషలో ఉన్నది, నిరాకరణ రోమ్ భాషలో ఉన్నది. రెండూ ఒకే గాథ చివర, ఒకదాని క్రింద ఒకటి ఉన్నవి.